పేకముక్కలోని మంత్రము, నోటిమాటలోని మంత్రము

పేక అనే మాట వినగానే మన ఇండ్లలో పెద్దలు నొసలు చిట్లిస్తారు. మేము ఇక్కడ చెప్పదలచిన పేకకు పందెముతో పని లేదు. ఒక్కొక్క ముక్కపై ఒక బొమ్మ, ఆ బొమ్మ క్రింద రెండు మూడు పంక్తుల ఆజ్ఞ అచ్చు వేసి, దానిని ఒక మంత్రంగా భావించి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి ఆడే ఆట అది. దీనికి తోడు ఇంకొక ఆట ఉన్నది. అందులో నలుగురైదుగురు ఒక బల్లచుట్టూ చేరి, తలకొక పాత్రను ధరించి, పాచికలు వేస్తూ, నోటిమాటతోనే ఒక కథను నడుపుతారు. మొదటి ఆటలోని మంత్రాన్ని రెండవ ఆటలోనికి తీసుకొని రావడం ఎట్లా? వినోదానికి సంబంధించిన చిన్న ప్రశ్నవలె కనిపించినా దీనిలో ఒక విద్య ఉన్నది. ఆ విద్య జనగామ ప్రాంతానికి కొత్తది కాదని కూడా మనవి చేయదలచినాము.

ముందుగా ఆటల సంగతి. పేకముక్కల ఆట పేరు మాజిక్: ద గ్యాదరింగ్. గణితశాస్త్రంలో పరిశోధన చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ దీనిని రూపొందించగా, విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే అమెరికా సంస్థ 1993లో విడుదల చేసింది. ఆటగాడు తన ముక్కలను తానే ఏరి కట్ట కట్టుకుంటాడు. ఇప్పటి సాధారణ నియమం ప్రకారం కట్టలో 60 ముక్కలకు తగ్గరాదు; మూలభూములు మినహా ఏ ముక్కయైనా నాలుగుకు మించరాదు. ఒక్కొక్కరికి 20 ప్రాణాలు. భూమి ముక్కల నుండి మానా అనే శక్తి పుడుతుంది. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అనే ఐదు రంగుల శక్తిని ఖర్చుపెట్టి మంత్రాలు ప్రయోగిస్తారు.

రెండవ ఆట ఇంకా పాతది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ జాతికి మూలపురుషుడు. దీనిలో ఒకరు సూత్రధారుడు. తక్కినవారు యోధుడో, మాంత్రికుడో, దొంగయో అయి, “నేను తలుపు చాటున నక్కుతాను”, “నేను వంతెన మీద నిలిచి మంత్రం చదువుతాను” అని చెబుతూ ఉంటే, ఫలితాన్ని సూత్రధారుడు వర్ణిస్తాడు. సందేహమున్న చోట పాచిక తీర్పు చెబుతుంది. రేడియో నాటకానికి అలవాటుపడిన శ్రోతలకు ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. కోట, అడవి, వాన, గుర్రపు డెక్కలు, అన్నీ మాటలోనే పుట్టాలి. భేదమల్లా ఇక్కడ వినేవారే పాత్రధారులు కూడా.

ఇక అసలు విషయానికి వద్దాము. పేకముక్క మీద “మూడు” అని ఉంటే కథలో కూడా “మూడు” అని వ్రాసుకుంటే సరిపోదా అని మొదట తోస్తుంది. సరిపోదు. దీనికి నిదర్శనం పేకల ఆటలోనే ఉన్నది. 1993నాటి తొలి ముద్రణలో ఒక్కొక్క రంగుకు ఒకటి చొప్పున ఐదు మంత్రాలు ఉండేవి. ఐదింటికీ ఒకే వెల, ఒక్క మానా. ఐదూ మూడేసి ఇచ్చేవి. ఎరుపుది పిడుగు, మూడు ప్రాణాలు తీస్తుంది. తెలుపుది లేపనం, మూడు ప్రాణాలు పోస్తుంది. ఆకుపచ్చది ఒక జీవికి ఆ వంతు ముగిసేవరకు మూడింతల బలమో అన్నట్లు మూడు బలమును, మూడు ఓర్పును కలుపుతుంది. నలుపుది ఒక మానాను మూడు మానాలు చేస్తుంది. నీలిది పూర్వుల స్మృతి. దానితో కట్టలో నుండి మూడు ముక్కలు తీసుకోవచ్చును.

కాగితం మీద ఐదూ సమానమే. ఆటలో మాత్రం లేపనం ఎవరికీ పట్టని సరుకైనది. పూర్వుల స్మృతి మితిమీరిన బలం గలదని తేలిపోయి, 1993 తరువాత పోటీలలో వాడదగిన ముక్కగా మళ్లీ అచ్చు కాలేదు. దానిని అనుమతించే పోటీలోనైనా కట్టకు ఒక్కటే ఉండాలని నిర్బంధించినారు. ఒకే ఆటలో ఒక మూడుకు ఇంకొక మూడు సాటి రానప్పుడు, ఒక ఆటలోని మూడు మరొక ఆటలో మూడుగానే నిలుస్తుందని ఎట్లా ఆశించగలము? సేరును కుంచంతో, కుంచాన్ని గజంతో కొలవలేము కదా.

పిడుగునే తీసుకుందాము. పేకలో అది ఎవరో ఒకరిని తాకుతుంది. 20లో 3 పోతాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కూడా సరిగ్గా అదే పేరుతో ఒక మంత్రం ఉన్నది. అయితే అది మూడవ స్థాయి మంత్రం. 100 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల గీతలో ఉన్నవారినందరినీ దహిస్తుంది. ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి మొత్తం లెక్కించాలి. సగటున 28 వస్తుంది. ప్రక్కకు దూకగలిగినవాడికి సగమే తగులుతుంది. ఐదవ అంతస్తుకు చేరిన మాంత్రికుడు విశ్రాంతి తీసుకొనేలోగా అటువంటి మంత్రాన్ని రెండుసార్లు మాత్రమే వేయగలడు. పేరు ఒకటే గాని పని వేరు. ఒక్కని మీద గురి, తక్కువ వెల, వెంటనే ఫలం అనే గుణాలు కావాలంటే, అదే గ్రంథంలో మొదటి స్థాయిలో ఉన్న రంగుల గోళం అనే మంత్రం దానికి దగ్గర. మెరుపును ఎంచుకొని ఒక్కని మీదికి విసరవచ్చును. ఎనిమిది ముఖాల పాచికలు మూడు వేస్తే సగటున 13, 14 వస్తాయి. పేరును బట్టి వెళ్ళినవాడు పొరబడతాడు. పనిని బట్టి వెళ్ళినవాడు గమ్యం చేరుతాడు.

కనుక ముక్కను చేతిలో పట్టుకొని నాలుగు ప్రశ్నలు వేయాలని మా సూచన. ఈ మంత్రం వేసినవాడు ఏమి కోల్పోతాడు? ఎవరిని తాకుతుంది, ఎంత దూరంలో? ఎంతసేపు నిలుస్తుంది? ఎదుటివాడు తప్పించుకొనే దారి ఏది?

ఈ ప్రశ్నలు మనకు విదేశాల నుండి రానక్కరలేదు. భారత రామాయణాలలోని అస్త్రాలన్నిటికీ ఈ నాలుగు హద్దులూ ఉన్నవి. ఇంద్రుడు కర్ణునికిచ్చిన శక్తి ఒక్కసారికే పనికివస్తుంది. అర్జునునికై దాచుకున్న దానిని ఘటోత్కచుని మీద వేయవలసి రావడంతో కర్ణుని చేయి ఖాళీ అయినది. ఖర్చు అంటే అది. కొడుకు వంటివాడు కూలిన ఆ రాత్రి శ్రీకృష్ణుడు సంతోషించినాడంటే కారణం ఆ లెక్కయే. అశ్వత్థామకు అస్త్రం వేయడం వచ్చును గాని మరలించడం రాదు. నిలిచే కాలానికి, ఉపసంహారానికి అది ఉదాహరణ. నాగపాశం రామలక్ష్మణులను బంధించినా గరుత్మంతుని రాకతో విడిపోయింది. ప్రతి బంధానికీ ఒక విడుపు ఉండాలన్నమాట. ఈ హద్దులే లేకపోతే యుద్ధకథ మొదటి దినముననే ముగిసేది. మంత్రపు రుచి దాని బలములో కంటె దాని హద్దులో ఎక్కువ.

హద్దుల సంగతి ఎంత సున్నితమైనదో ఇంకొక మంత్రం చెబుతుంది. ఎదుటివాని మంత్రాన్ని మధ్యలో త్రుంచివేసే ప్రతిమంత్రం రెండు ఆటలలోనూ ఉన్నది. పేకలో రెండు నీలి మానాలిస్తే ఎదుటి మంత్రం వ్యర్థమవుతుంది, వాదం లేదు. అక్కడ ఆడేవారు ఇద్దరే, వంతులు త్వరగా తిరుగుతాయి, కనుక ఓర్చుకోవచ్చును. కథల ఆటలో ఐదుగురు ఉంటారు. తన వంతుకై చాలాసేపు వేచి, ఉత్సాహంగా చదివిన మంత్రం ఒక్క మాటతో ఆరిపోతే ఆ పిల్లవాని ముఖం చూడలేము. 2014నాటి నియమాలలో ఈ ప్రతిమంత్రం 60 అడుగుల లోపల, మూడవ స్థాయికి మించని మంత్రాన్ని తప్పక త్రుంచేది. 2024లో సవరించినప్పుడు, మంత్రం వేసేవానికి దేహబలంతో నిలదొక్కుకొనే పాచిక ఒకటి ఇచ్చినారు. ఓడిపోయినా అతని ప్రయోగావకాశం ఖర్చు కాకుండా మిగిలేటట్లు చేసినారు. బల్లచుట్టూ కూర్చున్న మనిషిని దృష్టిలో పెట్టుకొని చేసిన సవరణ అది.

ఈ రెండు ఆటలూ ఒకే గూటికి చేరిన చరిత్ర కూడా చెప్పుకోదగినది. పేకల సంస్థయే 1997లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను ప్రచురించే సంస్థను కొనుగోలు చేసింది. అయినను పేకల లోకాలను కథల ఆటలోనికి తేవడానికి సుమారు రెండు దశాబ్దాలు పట్టింది. 2016లో జేమ్స్ వ్యాట్ రచించిన జెండికార్ అనే చిన్న పుస్తకం ఉచితంగా వెలువడినది. 2018లో రావ్నికా, 2020లో థీరోస్, 2021లో స్ట్రిక్స్‌హేవెన్ గ్రంథాలు వచ్చినవి. వేలకొలది పేకమంత్రాలు చేతిలో ఉన్నను గ్రంథకర్తలు వాటిని కుప్పగా దించలేదు. రావ్నికాలోని పది సంఘాలకు చాలవరకు ఉన్న మంత్రాలనే పంచిపెట్టినారు. స్ట్రిక్స్‌హేవెన్‌లో చేర్చిన కొత్త మంత్రాలు ఐదు మాత్రమే. ఉన్న మంత్రానికి కొత్త వేషం వేస్తే సరిపోయే చోట క్రొత్తది పుట్టించవద్దన్నది వారి అనుభవసారం.

జనగామ ప్రాంతానికి ఈ విద్య కొత్తది కాదని మొదట అన్నాము. ఆ మాటను ఇప్పుడు నిలబెట్టుకోవాలి. చేర్యాల నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్నది గాని, 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు వరంగల్లు జిల్లాలోనిది, జనగామకు పొరుగూరు. అక్కడి నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్ద పట్టించి, ఎర్రని నేలపై కథాపటాలు వ్రాసేవారు. మూడు అడుగుల వెడల్పు, పదులకొలది అడుగుల పొడవు గల ఆ పటాన్ని కథకులు ఊరిలో నిలబెట్టి, గడిగడిని పుల్లతో చూపుతూ రాత్రుల తరబడి కథ చెప్పేవారు. కాకి పడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయుని వంశకథ చెప్పేవారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం వినిపించేవారు.

పటంలోని గడి పేకముక్క వంటిదే. నాలుగు మూలలు, ఒక దృశ్యం, మాట లేదు. పాండవుల బొమ్మ ఒక జానెడు; దాని మీద కథకుడు గంటసేపు నిలువగలడు. వినేవారు ఏ ఇంటివారో, ఏ అవసరంపై చెప్పించుకుంటున్నారో చూసి ఒక గడిని పెంచుతాడు, ఇంకొక గడిని దాటిస్తాడు. బొమ్మ మారదు, కొలత మారుతుంది. పేకలోని మంత్రాన్ని కథలోనికి తెచ్చేవాడు చేయవలసిన పని కూడా అదియే.

విచారకరమైన సంగతి ఒకటి ఉన్నది. కథ చెప్పించుకొనే ఆదరణ సన్నగిల్లిన కొలది పొడుగు పటాలు వ్రాయించేవారు తగ్గినారు. చిత్రకారులు జీవనానికై ఒక్క దృశ్యాన్ని విడిగా వ్రాసి, గోడకు తగిలించే బొమ్మగా అమ్ముతున్నారు. చిత్రకళ నిలిచినందుకు సంతోషమే. కాని గడి పటం నుండి విడిపోయినప్పుడు దానికి ముందువెనుకలు పోయినవి, చెప్పే నోరు పోయినది. పటం పేకముక్కగా మారినదని కూడా అనవచ్చును. మేము చెప్పుకుంటున్న ఆట దీనికి ఎదురుదారి. ఒంటరి బొమ్మకు మళ్లీ ముందువెనుకలు కల్పించి, మాట ఇచ్చే పని అది. అందుకే దీనిని పిల్లల కాలక్షేపమని త్రోసిపుచ్చలేకపోతున్నాము.

ఒక ఉదాహరణ చేసి చూద్దాము. పైన చెప్పిన పూర్వుల స్మృతి అనే ముక్కను కథలోనికి తేవాలి. కథల ఆటలో చేతిలో ముక్కలుండవు, కనుక “మూడు ముక్కలు తీసుకో” అనే ఆజ్ఞకు అర్థం లేదు. ఆ ముక్క చేసే పని ఏమిటి? పెద్దలకు తెలిసినది నాకు తెలియడం. కథల ఆటలో తెలియడమంటే సూత్రధారుని అడిగి జవాబు పొందడం. అక్కడ నుండి పటం కథకుని ఆచారాన్ని అనుసరిద్దాము. కథకుడు ఏ ఊరికి పడితే ఆ ఊరికి పోయి ఎవరి వంశమైనా విప్పడు. అతనికి తరతరాలుగా హక్కున్న ఇండ్లు ఉంటాయి. మన మంత్రానికి కూడా ఆ మర్యాద ఉండాలి.

అప్పుడు మంత్రం ఇట్లా తయారవుతుంది. పేరు పూర్వస్మృతి. పది నిమిషాలు చదవాలి. ఒక కుటుంబానికి చెందిన పాత వస్తువు చేతిలో ఉండాలి. ఆ ఇంటివారొకరు అనుమతించాలి. ఆ ఇంటి పెద్దలు కన్నది, విన్నది మాత్రమే మూడు ప్రశ్నలుగా అడగవచ్చును. సూత్రధారుడు నిజమే చెప్పాలి. అయితే ఆ పెద్దకు తెలియనిది చెప్పరాదు. ఆ ఇంటి విషయంలో పదిదినాల వరకు మళ్లీ చదవరాదు.

దీనిని ఏ స్థాయిలో పెట్టాలి? తూనికరాయి ఒకటి కావాలి. మూల ఆటలో మృతులతో మాటలాడే మంత్రం మూడవ స్థాయిది. అది ఐదు ప్రశ్నలకు వీలిస్తుంది. కాని జవాబులు పొడిపొడిగా, అస్పష్టంగా ఉంటాయి, నిజం చెప్పాలనే నిర్బంధం లేదు. ఐదు మసక జవాబులకు మూడు తేట జవాబులు సరితూగుతాయి. శవం అక్కరలేదన్న సౌకర్యానికి అనుమతి కావాలన్న ఇబ్బంది సరిపోతుంది. కనుక మూడవ స్థాయి తగినది. రెండు మూడు సారులు ఆడి చూసి, కథలోని రహస్యమంతా ఒక్క పూటలో తేలిపోతున్నదని తోస్తే ప్రశ్నలను రెండు చేయవచ్చును.

ఆట ఎట్లా నడుస్తుందో ఊహించండి. జనగామలో ఒక ఇంటి వరండాలో నలుగురు పిల్లలు కూర్చున్నారనుకుందాము. వారి కథలోని బాటసారులు ముగ్గురు. మహబూబాబాద్ ప్రక్కన కురవి వీరభద్రుని దర్శించి, భూపాలపల్లి అడవులు దాటి, ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరం చేరాలని బయలుదేరినారు. కురవి దాటిన తరువాత ఒక పల్లెలో చెరువు నిండి పొంగుతున్నది. తూము ఎక్కడ పూడిపోయినదో ఊరిలో ఎవరికీ జ్ఞాపకం లేదు. నీరటికాని మనుమరాలు తాతగారి పార తెచ్చి ఇస్తుంది. మంత్రం చదివే పిల్లవాడు ఇప్పుడు ఆలోచించాలి. “తూము ఎక్కడ ఉన్నది?” అని అడగడమా? “తూము మూసినప్పుడు మీరు ఎక్కడ నిలుచున్నారు?” అని అడగడమా? తూమును తాత స్వయంగా చూడకపోతే మొదటి ప్రశ్న వ్యర్థం. పేకలో మూడు ముక్కలు తీయడానికి ఒక క్షణం చాలును. ఇక్కడ మూడు ప్రశ్నలు ఏరుకోవడానికి నలుగురూ తలలు దగ్గర పెట్టుకొని వాదించుకుంటారు. బలం సంఖ్యలో నుండి ప్రశ్నలోనికి మారినది.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ ప్రాంతమంతా దేవతల నేల. మేడారం జాతరకు పోయే కుటుంబాలకు సమ్మక్క, సారలమ్మలు కథలోని పాత్రలు కారు, ఇంటి ఇలవేల్పులు. పాచిక పడితే దేవత పలికినట్లు, పడకపోతే ఓడినట్లు ఆడటం సాటివారి మనస్సును నొప్పిస్తుంది. దేవతల శక్తిని ఆటగాని చేతికి ఇవ్వకుండా బాటలను, చెరువులను, వృత్తులను, పనిముట్లను, జ్ఞాపకాలను మంత్రాలుగా మలచుకోవడం మేలు. వాటికి కొరత లేదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. పేకలు పొట్లాలలో వస్తాయి. పొట్లంలో ఏ ముక్క ఉన్నదో విప్పేవరకు తెలియదు. కావలసిన ముక్క రాలేదని మరొకటి, మరొకటి కొనే తహతహ పిల్లలకు పుట్టడం సహజము. కథల ఆటకు కాగితం, సీసకలం, నాలుగు పాచికలు చాలును. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాలలో ఒక పెద్ద భాగాన్ని ఎవరైనా వాడుకొని మార్చుకొనేటట్లు 2023లో స్వేచ్ఛగా విడుదల చేసినారు. ముక్క కొనలేని పిల్లవాడు దాని బొమ్మను స్నేహితుని వద్ద చూసి, దాని పనిని గ్రహించి, తన మంత్రాన్ని తానే వ్రాసుకోవచ్చును.

వ్రాసేటప్పుడు తెలుగులో వ్రాయమని చెప్పండి. ఆంగ్లపు పేరును అట్లే పలికితే బల్లచుట్టూ ఉన్న చిన్న తమ్మునికి బొమ్మ కట్టదు. “పిడుగు” అంటే వాడు చెవులు మూసుకుంటాడు. పేరు పెట్టిన తరువాత ఆ నాలుగు ప్రశ్నలను వరుసగా అడగండి: ఖర్చు ఏమిటి, ఎవరికి తగులుతుంది, ఎంతసేపు ఉంటుంది, విడుపు ఏది. నాలుగింటికీ జవాబు వ్రాసిన తరువాత ఒక ఆదివారం సాయంకాలం ఆడి చూడండి. ఇంట్లో అవ్వ ఉంటే ఆమెను కూడా ఆ బల్ల దగ్గర కూర్చుండబెట్టండి. పూర్వస్మృతి మంత్రానికి జవాబులు చెప్పడంలో ఆమెను మించిన సూత్రధారి దొరకదు.